ముప్పై లెక్కపెట్టేలోపు

పదకొండింటికి కవరు తెరుస్తారు. ఇప్పుడు పదీ రెండు. ఎలుకల గది గోడ గడియారానికి సెకన్ల ముల్లు లేదు. అది నడుస్తోందో ఆగిందో తెలియాలంటే నిమిషం పాటు దాని మొహంలోకి చూస్తూ కూర్చోవాలి, నేనిప్పుడు చేస్తున్నది అదే. నలభై బోనుల్లో ముప్పై తొమ్మిది కడిగి, తుడిచి, అరల్లో బోర్లించేశాను. మిగిలిన ఒక్కదానిలో మొండిది ఉంది. వెనక కాళ్లు రెండూ పడిపోయాయి. ముందు కాళ్లతో ఒళ్లు ఈడ్చుకుంటూ నీళ్ల గొట్టం దాకా వెళ్లి, ఎందుకొచ్చానా అన్నట్టు అక్కడ ఆగి, మళ్లీ మూలకి వస్తుంది. ఈ పరీక్షలో ఎలుకలకి పేర్లు పెట్టకూడదు, నంబర్లే. దీని నంబరు ముప్పై ఒకటి. పేరు పెట్టింది నేను కాదు, మా అన్నయ్య, ఒక్కసారి కూడా దాని మొహం చూడకుండానే. రోజూ సాయంత్రం నేను చెప్పులు విప్పేలోపే అడుగుతాడు, "మొండిది లేచిందా?" అని. "లేచింది" అంటాను. "చూశావా మరి!" అంటాడు వదిన వైపు తిరిగి, అది లేవడంలో తన ప్రయోజకత్వం ఏదో ఉన్నట్టు.

లేవడమంటే ఇది. ఈ ఎలుకలు పుట్టడమే జబ్బుతో పుడతాయి. మనుషులకి వచ్చే మోటార్ న్యూరాన్ జబ్బే. కండరాలకి కబురందించే నరాల కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతూ ఉంటే ఒళ్లు చివర్ల నుంచి లోపలికి ఎండుకొస్తుంది. మూడో నెల దాకా గంతులేస్తాయి. తరవాత తిరిగే కడ్డీ మీద నిలబెడితే జారిపోతాయి. ఆ తరవాత వెనక కాళ్లు. అప్పట్నుంచి రోజూ ఒక్కోదాన్నీ బల్ల మీద పక్కవాటుగా పడుకోబెట్టి ముప్పై సెకన్లు చూడాలి. ఆలోపు తనంతట తాను తిరిగి కాళ్ల మీదికి వస్తే బతికున్నట్టు. రాలేకపోతే రిజిస్టరులో తేదీ వేసి, పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఆయన నొప్పి తెలియకుండా నిద్రపుచ్చుతాడు. తిండి దాకా పాకలేని ప్రాణిని ఆకలితో చావనివ్వకూడదని ఆ రూలు. మంచి రూలే, నాకు దాంతో ఎప్పుడూ తగాదా లేదు. ఆ ముప్పై లెక్కపెట్టేది నేను.

సగం ఎలుకలకి తెల్ల మూత సీసా, సగం ఎలుకలకి నీలం మూత సీసా. ఒకదానిలో ముళ్లపొద వేరు నుంచి తీసిన సారం, నూనెలో కలిపి. ఇంకోదానిలో ఉత్తి నూనె. ఏది ఏదో నాకు తెలియదు, ఈ పరీక్ష నడిపే మేడమ్‌కీ తెలియదు. సీసాలు నింపించి, మూతలు మార్పించి, రహస్యం కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అతుకు మీద మూడు సంతకాలు చేసిన లెక్కల మాస్టారికి తప్ప ఎవరికీ తెలియదు. ఆయన్ని పేరుతో ఇక్కడెవరూ పిలవరు, జీవితమంతా అంకెలతోనే గడిపారు కాబట్టి లెక్కల మాస్టారే. నాలుగు నెలల నుంచి ఆ కవరు ఆయన బీరువాలో ఉంది. నాలుగు నెలల నుంచి నేను రోజూ ఆ బీరువా ముందు నుంచే క్యాంటీన్‌కి వెళ్తున్నాను. నీలం మూత ఎలుకలు తెల్లవాటికంటే సగటున పదకొండు రోజులు ఎక్కువ బతికాయి. ఈ జబ్బులో పదకొండు రోజులంటే ఎలుకకి చిన్న సంగతి కాదు, మనిషి లెక్కలో చాలా నెలలు. నిన్న మేడమ్ నా భుజం మీద చెయ్యి వేసింది. పదేళ్లలో మొదటిసారి. "రేపు కవరు తెరిచేముందు బయటివాళ్లకి చూపించడానికి ఒక మంచి వీడియో ముక్క తీసిపెట్టు. నీలం మూతది, చక్కగా లేచేది" అంది. అందుకే అద్దానికి ఇవతల, కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మేడమ్ అడిగింది ఒక్క ముక్క. నేను పొద్దున ఏడింటి నుంచి చూసినవి నూట పన్నెండు.

ఒకటి, రెండు, మూడు. వద్దన్నా నోట్లో నడుస్తూనే ఉంటుంది. బస్సు కోసం నిలబడితే లెక్క, పాలు పొంగే దాకా లెక్క. ఒక సెకను ఎంత పొడుగుంటుందో నాకు అన్నయ్య నేర్పాడు. అన్నయ్య దర్జీ. బడి అయ్యాక వదిలిపెట్టే చోటు లేక నన్ను అతని దుకాణంలో కూర్చోబెట్టేవాళ్లు. గుడ్డ ముక్కల కుప్పలో, మిషన్ కింద, అతని పాదం ఆడుతుంటే చూస్తూ. ఊసుపోక ఏడుపు మొహం పెడితే, "కుట్లు లెక్కపెట్టవే పిల్లా" అనేవాడు. చేతికుట్టు వేసేటప్పుడు అతని సూది దిగడం, లేవడం, దారం లాగడం, సరిగ్గా ఒక సెకను. ప్యాంటు అంచు ఒక కాలికి అరవై కుట్లు, నిమిషం. రెండో కాలికి ఇంకో నిమిషం. అలా పట్టుబడింది నాకు. ఇక్కడ స్టాప్‌వాచ్ మొదటి నెలలోనే నీళ్ల తొట్టిలో పడి పాడైపోయింది. కొత్తది కావాలని రాసిచ్చాను, ఆఫీసు వాళ్లు సంతకం చాల్లేదన్నారు, మళ్లీ రాసిచ్చాను. ఫోన్లు లోపలికి తేనివ్వరు. ఒకరోజు మేడమ్ తన చేతి గడియారం చూసుకుంటూ నన్ను లెక్కపెట్టమంది. నేను ముప్పై అనగానే తలెత్తి, "సరిగ్గా ముప్పై! నీ నోరుండగా గడియారం ఎందుకమ్మా?" అంది. అందరూ నవ్వారు. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు. అప్పట్నుంచి నా నోరే గడియారం. కొత్త స్టాప్‌వాచ్ ఇవాళ పొద్దున వచ్చింది, అట్టపెట్టెలో, పరీక్ష ఆఖరి రోజున. రిజిస్టరు పక్కనే ఉంది. ఇంకా విప్పలేదు.

అన్నయ్య చేతిలో జబ్బుని డాక్టర్లకంటే ముందు నేను పోల్చుకున్నాను. చొక్కాకి కాజా కుడుతూ సూది జారవిడిచాడు. తీశాడు, మళ్లీ జారింది. "చలికి" అన్నాడు. చలి లేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉబ్బుగా ఉండే కండ లోపలికి దిగిపోయి, అక్కడ చిన్న గుంట. చర్మం కింద ఏదో పురుగు నడుస్తున్నట్టు సన్నటి అదురు. ఆ అదురు నేను రోజూ చూసేదే, బోనుల్లో, తొడల మీద. చెయ్యి పట్టుకుని చూస్తూ ఉండిపోయాను. "ఏంటే, జాతకం చూస్తున్నావా?" అన్నాడు. చెయ్యి వదిలేశాను. ఆరు నెలలు ఏమీ అనలేదు. డాక్టర్లు ఆ మాట అనే దాకా నాకు తెలియనట్టే ఉన్నాను. వదిన ఆసుపత్రి వరండాలో నా జబ్బ పట్టుకుని, "నువ్వు ఈ జబ్బుతోనే పని చేస్తావు కదమ్మా, దీనికి ఏముంది, చెప్పు" అంది. ఏముంది? నలభై బోనులున్నాయి. రెండు రంగుల మూతలున్నాయి.

రెండో నెలలో ఒకరోజు రెండు సీసాలూ రుచి చూశాను. మాస్కు కిందికి లాగి, చిటికెన వేలి మీద ఒక్కో చుక్క. తెల్లది చిరుచేదు. నీలం మూతది విషం, గంటసేపు నాలుక వదల్లేదు. అయితే మందు ఇదే, అనుకున్నాను. అంతే. అక్కడితో నాకు కవరు తెరిచినట్టయింది, మూడు సంతకాలూ నాలుక మీద కరిగిపోయాయి. ప్రతి సాయంత్రం సీసాల్లో మిగిలింది పారబోయాలని రూలు. తెల్ల మూత సీసాలది సింకులో పోసేదాన్ని. నీలం మూత సీసాలది చిన్న బుడ్డిలోకి వంపి బ్యాగులో వేసుకునేదాన్ని. ఒకసారి మేడమ్ ఎవరికో చెబుతుంటే విన్నాను, ఒక మనిషి మూడు వేల ఎలుకల ఎత్తని. నేను తీసుకెళ్లేది ఎనిమిది, పది ఎలుకల భాగం. తెలుసు. లెక్క రాక కాదు. అయినా చుక్కలు వేసేదాన్ని, పక్షిపిల్లలా అతను నోరు తెరిచేవాడు, వదిన గ్లాసుతో నీళ్లు పట్టుకుని నిలబడేది. "ఎలుకల మందు మొగుడికి పట్టేదాన్ని లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను" అనేది. "మందే కదే, ఎలుకల విషం కాదుగా" అనేవాడు. నాలుక చప్పరించుకుని, కళ్లు గట్టిగా మూసి, "పనిచేస్తోందే ఎలకమ్మా, చేదు కాళ్ల దాకా దిగుతోంది" అనేవాడు. నన్ను అలా పిలవడం అప్పుడే మొదలుపెట్టాడు. ఒక వారం నిజంగానే బాగున్నాడు. బొత్తాం పెట్టుకున్నాడు, తనంతట తానే, పావుగంట పట్టింది. మేం ముగ్గురం పెళ్లికి తయారైనట్టు సంబరపడ్డాం. పదీ పదిహేడు.

తరవాత ఆ ఆదివారం. మధ్యాహ్నం ఎండ, కిటికీ తెర కదలడం లేదు, వదిన కూరగాయలకి వెళ్లింది. నేను వంటింట్లోంచి వస్తుంటే మెత్తగా, గుడ్డల మూట జారినట్టు చప్పుడు. అన్నయ్య కుర్చీలోంచి జారి నేల మీద పక్కవాటుగా పడి ఉన్నాడు. దెబ్బ తగల్లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఎడమ చెయ్యి ఒంటి కింద ఇరుక్కుంది, కుడి చేత్తో నేలని తోస్తున్నాడు, భుజం లేస్తోంది, మళ్లీ వాలుతోంది. నేను గుమ్మంలో నిలబడిపోయాను. పరుగెత్తలేదు. పిలవలేదు. నా పెదాలు కదులుతున్నాయి. ఒకటి, రెండు, మూడు.  కాళ్లు బల్ల ముందు నిలబడినట్టే నిలబడ్డాయి, చేతులు వెనక్కి పోయాయి, పరీక్షలో ఎలుకని తాకకూడదు కదా. నా సొంత అన్న. తిరుగు, తిరుగు, అనుకుంటున్నాను. ఇరవై ఏడు. ఇరవై ఎనిమిది. అప్పుడు తిరిగాడు. మోకాలు పెట్టి, మొహం నేలకి ఆనించి, బోర్లా వచ్చాడు. లేచాడు, అనుకున్నాను. ముప్పైలోపే. నా గుండె ఎగిరి గంతేసింది, అదీ సిగ్గుచేటు. పరుగెత్తి ఎత్తి కూర్చోబెట్టాను. ఒగరుస్తూ నా మొహంలోకి చూసి, మాట ముద్దగా, "ఎంతొచ్చింది?" అన్నాడు. "ఏంటి?" "నాటకాలాడకు. నీ పెదాలు కనిపించాయి. ఎంత దాకా వచ్చావు?" "ఇరవై ఎనిమిది." నవ్వాడు. నవ్వితే ఇప్పుడు దగ్గొస్తుంది, దగ్గు తగ్గే దాకా ఆగి, "నేను కుట్లు లెక్కపెట్టుకుంటూనే ఉన్నానే. నలభై ఒకటి" అన్నాడు. "చెయ్యి పోయింది గానీ నా కుట్టు ఎక్కడికీ పోలేదు. నీ లెక్కే సాగిపోయింది, పిల్లా."

సాగిపోయింది. మూడు రోజులు ఆ మాట చెవిలో ఈగలా తిరిగింది. అందుకే ఇవాళ ఒక్క ముక్క కోసం కూర్చుని నూట పన్నెండు చూశాను. బల్ల పైన రూలు కోసం పెట్టిన కెమెరా ఉంది, ఎవరూ చూడనిది. శబ్దం ఉండదు, మూలన గంటలూ నిమిషాలూ సెకన్లూ పరుగెడుతుంటాయి. మొదట నీలం మూతవి చూశాను. నా చేతులు ఎలుకని పక్కకి వాల్చి తప్పుకుంటాయి. అది తన్నుకుంటుంది. ముప్పై దాటుతుంది. ముప్పై రెండు. ముప్పై ఆరు. ముప్పై ఆరు దగ్గర తిరుగుతుంది. రిజిస్టరులో అదే తేదీకి నా రాత, "లేచింది." ఇంకోటి, ముప్పై తొమ్మిది, "లేచింది." ఇంకోటి అసలు లేవదు, నా చెయ్యి కిందికి వచ్చేసరికి నలభై నాలుగు. రోజుకో పది సెకన్లు కొసరు వేసి, ఒక్కోదానికి వారం, పది రోజులు ఆయుష్షు పోశాను. అన్నయ్య చేతి మీద నెపం వేద్దామనుకున్నాను. అతని సూది నెమ్మదించింది కాబట్టి అతని దగ్గర నేర్చుకున్న నా సెకను కూడా నెమ్మదించిందేమో, పాపం, ఎవరి తప్పు అది? వినడానికి ఎంత బాగుందో. ఆ మాట మేడమ్‌కి ఎలా చెప్పాలో కూడా మనసులో కూర్చుకున్నాను. తరవాత తెల్ల మూతవి తెరిచాను. ముప్పై. ముప్పై. ఇరవై తొమ్మిది. ముప్పై. అదే వారం, అదే పూట, అవే చేతులు. నీలం మూత దాని ముందు నలభై ఒక్క సెకన్లు పట్టిన నా ముప్పై, అయిదు నిమిషాల తరవాత తెల్ల మూత దాని ముందు ముప్పై సెకన్లే పట్టింది. ఒక్కసారి కూడా కావాలని చేయలేదు. దేని మీదైనా ఒట్టు వేస్తాను. కావాలని చేసుంటే ఇంత చక్కగా కుదిరేది కాదు. తెల్లవాటికి నేను గడియారాన్ని. నీలంవాటికి చెల్లెల్ని.

ఆ పన్నెండో నంబరు. తెల్ల మూత. దాన్ని చూడకుండా ఉంటే బాగుండేది. మూలన అంకె ఇరవై ఆరు ఉండగా దాని తల లేచింది. ముందు కాలు బల్లకి ఆనింది. నడుము సగం తిరిగింది. ఇరవై ఎనిమిది. నా చెయ్యి దిగి దాన్ని ఎత్తేసింది. నాకు గుర్తుంది, ఆ ఎలుకే, పశువుల డాక్టరు గదికి వెళ్లే నడవాలో నా అరచేతిలో గట్టిగా తన్నింది. ఆఖరి అదురు, అనుకున్నాను. అదురు కాదు అది. ఆ రోజు నుంచి అప్పుడప్పుడూ కుడి అరచేతి మధ్యలో ఏదో తన్నినట్టుంటుంది, గిన్నె తోముతుంటే, బస్సులో కమ్మీ పట్టుకుంటే. నరం పట్టేసిందనుకున్నాను. నాకూ మొదలైందేమోనని అద్దం ముందు బొటనవేలు తిప్పి తిప్పి చూసుకున్న రోజులున్నాయి. ఇప్పుడు కూడా తన్నుతోంది.

పదీ ముప్పై నాలుగు. నేనేమీ చూడలేదు, ఒక్క ముక్క తీసి ఇచ్చాను, అంటే ఏమవుతుంది? కవరు తెరుస్తారు. నీలమే మందు అని చదువుతారు, చేదు అబద్ధమాడదు. మేడమ్ ఏడుస్తుంది, ఆమె పదేళ్లుగా ఏడవడానికి ఎదురుచూస్తోంది. సాయంత్రం నేను ఇంటికెళ్లి, అన్నయ్యా, పదకొండు రోజులు, మందు పనిచేసింది, అంటాను. వదిన మొహం. ఆ మొహం కోసం మనిషి చాలా చేస్తుంది. కెమెరాలో పాతవి రెండు వారాల్లో చెరిగిపోతాయి. చెరిగేలోపు ఎప్పటికప్పుడు కాపీ చేసి పెట్టింది కూడా నేనే, చెరిపేది కూడా నేనే కావచ్చు. ఎవరికి నష్టం? ఎవరికో ఉంటుంది. ఎక్కడో ఇంకో చెల్లెలు పదకొండు రోజులని నమ్మి నోట్లో చుక్కలు వేస్తుంది. నాకు ఆమె తెలియదు. వదిన తెలుసు. పదీ ముప్పై ఆరు. దుకాణంలో ఒకసారి లావుపాటి ఆయన కొలత ఇస్తూ ఊపిరి బిగబట్టి, "కొంచెం తగ్గించి రాసుకో నాయనా, మా ఆవిడ వింటుంది" అన్నాడు. అన్నయ్య నవ్వి, ఆయనకి వినిపించేలా రెండు అంగుళాలు తగ్గించి చదివి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాడు. ఆయన వెళ్లాక నాతో అన్నాడు, "నోటితో ఎవరినైనా సంతోషపెట్టు. టేపు మాత్రం బిగించి చదువు. టేపుని ప్రేమగా చదివితే ప్యాంటు వాడి మోకాళ్ల దగ్గరే ఆగిపోతుంది." నాకప్పుడు ఎనిమిదేళ్లు. పడీపడీ నవ్వాను. ఆ ప్యాంటు ఊహించుకుని ఇప్పుడు కూడా నవ్వొచ్చింది, నవ్వుతుండగానే గ్లౌజులు తొడుక్కుని అట్టపెట్టె విప్పాను.

ఆఖరి పరీక్ష పదీ యాభైకి. మొండిదాన్ని, నీలం మూతవాటిలో మిగిలిన ఒక్కదాన్ని, అరచేతిలోకి తీసుకున్నాను. ఎంత తేలిక. వెనక కాళ్లు దారాల్లా వేలాడుతున్నాయి, ముక్కు మాత్రం ఆగకుండా ఆడుతోంది, నా చొక్కాలో అన్నయ్య ఇంటి వాసన ఏదో దానికి తెలిసినట్టు. పక్కకి వాల్చాను. చెయ్యి తీశాను. స్టాప్‌వాచ్ నొక్కాను. ఈసారి పెదాలు బిగించుకున్నాను, అయినా లోపల లెక్క మొదలైంది, రెండు లెక్కలు పక్కపక్కనే, ఒకటి నాది, ఒకటి గడియారానిది. గడియారం పది అన్నప్పుడు నేను ఏడు. గడియారం ఇరవై అన్నప్పుడు నేను పద్నాలుగు. కళ్లతో చూస్తూ కూడా! మొండిది ముందు కాళ్లతో గాలిని పీకుతోంది. తిరుగు తల్లీ. మెడ బిగిసింది, భుజం లేచింది, వాలింది. సరిగ్గా అలాగే, నేల మీద, ఎండలో. గడియారం ముప్పై అంది. నా చెయ్యి దిగాలి. దిగలేదు. ముప్పై ఒకటి. ముప్పై రెండు. ముప్పై మూడు దగ్గర అది తిరిగింది, గుప్పెడు ప్రాణం, నాలుగు కాళ్ల మీద, రెండు పనిచేసేవీ రెండు పనిచేయనివీ, నా వైపు చూసింది. చూడలేదేమో, ఎలుకలకి ఎదురుగా ఉన్నది సరిగా కనిపించదు. నేను పెన్ను తీసుకుని రాశాను. "ముప్పై సెకన్లు. లేవలేదు." పేరు పక్కన, కాదు, నంబరు పక్కన తేదీ వేశాను. తీసుకెళ్తే పశువుల డాక్టరు, "దీనికి బాగా చేతకానట్టు లేదే" అన్నాడు. "రూలండీ" అన్నాను. 

సమావేశం గదిలో కుర్చీలన్నీ నిండిపోయాయి. గోడ మీద రెండు గీతలు, నీలంది పైన, తెల్లది కింద, మధ్యలో పదకొండు రోజుల ఖాళీ. లెక్కల మాస్టారు కవరు బల్ల మీద పెట్టి కళ్లజోడు తుడుచుకుంటున్నారు. మేడమ్ నన్ను చూసి, "వీడియో తెచ్చావా?" అంది. "తెచ్చాను. ముందు రెండు చూడండి, తరవాత తెరవండి" అన్నాను. నీలంది చూపించాను, మూలన అంకె చూడమన్నాను. తెల్లది చూపించాను. పన్నెండో నంబరు చూపించాను. సీసాల సంగతి, నాలుక సంగతి, బుడ్డి సంగతి, అన్నయ్య సంగతి, వరసలేకుండా, వెనకదీ ముందుదీ కలిపేసి చెప్పాను. మేడమ్ మొహంలో రంగు మారడం నేను చూడలేదు, బల్ల చెక్క మీద గీతలు చూస్తున్నాను. ఆమె, "నేనే కదూ అన్నాను... నీ నోరుండగా గడియారం ఎందుకని" అంది, తనలో తాను అనుకున్నట్టు.  మాస్టారు కవరు అతుకు చించారు, కాగితం మడత విప్పారు, ఒకసారి చదువుకుని, కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకుని చదివారు.

"నీలం, ఉత్తి నూనె. తెలుపు, మందు."

 "చేదో?" అన్నాను. పిచ్చిదానిలా అదే అడిగాను. "వేరు చేదుగా ఉంటుందని, తేడా తెలియకూడదని, ఉత్తి నూనెలో చేదు కలిపించానమ్మా" అన్నారు మాస్టారు. "కొంచెం ఎక్కువ పడినట్టుంది." తరవాత గోడ మీది గీతలు చూస్తూ నెమ్మదిగా అన్నారు, "నువ్వు నోరు విప్పకపోయుంటే ఇంకో అయిదు నిమిషాల్లో ఈ వేరుని చెత్తబుట్టలో పడేసేవాళ్లం. మందు తాగినవే ముందు పోయాయని రాసి. ఇప్పుడు ప్రతి రోజుదీ వీడియో చూసి మళ్లీ లెక్క కట్టాలి. గీతలు తిరగబడతాయో, కలిసిపోతాయో, నేను చెప్పలేను. ఏమీ తేలకపోవచ్చు కూడా. నువ్వు లెక్కపెట్టకూడదు, నీ పక్కన ఇంకొకరు కూర్చుని గడియారం పట్టుకోవాలి. కానీ ఏ రోజు ఏ ఎలుకో నువ్వే చూపించాలి." మేడమ్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడింది.

నేను కడిగే గదిలోకి వచ్చాను. ఈ సింకు. ప్రతి సాయంత్రం తెల్ల మూత సీసాలు ఒక్కొక్కటే ఇందులో వంపి, జిడ్డు అంటకుండా రెండుసార్లు వేడి నీళ్లు వదిలేదాన్ని. శుభ్రంగా కడిగేదాన్ని, ఆ విషయంలో నాకు మంచి పేరుంది. మందు ఇటు పోయింది. ఉత్తి నూనె బ్యాగులో వేసుకుని, ఒలక్కుండా ఒళ్లో పెట్టుకుని, రెండు బస్సులు మారి ఇంటికి మోసుకెళ్లాను. బయట, బ్యాగులు పెట్టుకునే అరలో నా ఫోన్ మోగుతోంది. నేను ఎత్తగానే వదిన, "ఉండు, ప్రాణం తీస్తున్నాడు, ఈయనకిస్తున్నా" అంది. అన్నయ్య ఊపిరి వినిపించింది ముందు, మాట తరవాత. "మొండిది లేచిందా?"

"ముప్పై మూడు అన్నయ్యా."

 అతని మాట వచ్చేదాకా నేను లెక్కపెట్టలేదు, మొదటిసారి, పెదాలు కదల్లేదు. "బిగించే చదివావా?" అన్నాడు.

"బిగించే చదివాను. ఇంకోటి ఉంది. నీకు పట్టింది మందు కాదు. ఉత్తి నూనె. మందు నేను సింకులో పోశాను."

దగ్గొచ్చింది అతనికి. నవ్వో ఏడుపో దగ్గులో తెలియదు. "అంటే ఇన్నాళ్లూ నాకు మిషన్‌కి వేసినట్టు నూనె వేశావటే!" అన్నాడు. వెనక నుంచి వదిన, "ఏమంటోంది? ఏమంటోంది?" అంటోంది, అతను చెప్పాడు కాబోలు, ఫోన్ లాక్కుంది. "అయితే ఆ తెల్ల మూతదే పట్రా! ఇంకా ఉందా లేదా? ఉందా?" మందు సీసా ఫ్రిజ్‌లో ఉంది, సగం పైనే నిండి. తాళంచెవి నా మెళ్లోనే ఉంది. "ఉంది వదినా" అన్నాను. "మరింకేం?" అవతల ఏదో పెనుగులాట, అన్నయ్య గొంతు దూరంగా, ముద్దగా, ఒక్కో మాటా పైకి లాగినట్టు, "వద్దనవే. ముందు దాన్ని లెక్క తేల్చనీ. పనిచేస్తుందో చంపుతుందో తెలియకుండా... పిల్లా, సాయంత్రం ఉత్తి చేతులతో రా." ఫోన్ పెట్టేశారు. మెళ్లోంచి తాళంచెవి తీసి, మాస్టారికి ఇచ్చాను. ఆయన దాన్ని జేబులో వేసుకున్నారు.

పన్నెండు కావస్తోంది. అద్దం అవతల నలభై బోనులూ బోర్లించి ఉన్నాయి. మాస్టారు నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని కొత్త స్టాప్‌వాచ్ బొటనవేలి కింద పెట్టుకున్నారు. "ఎక్కడ మొదలుపెడదాం?" అన్నారు. తెల్ల మూత, పన్నెండో నంబరు, అన్నాను. బల్ల కనిపించింది. నా చేతులు దాన్ని వాల్చి తప్పుకున్నాయి, ఎంత నమ్మకంగా ఉన్నాయో ఆ చేతులు. మాస్టారు నొక్కారు. పది. ఇరవై. అది గాలిలో కాళ్లు ఆడిస్తోంది. ఇరవై ఆరు. తల లేచింది. ఇరవై ఏడు. కాలు ఆనింది, నడుము తిరుగుతోంది, ఇంకొక్క క్షణం, ఒక్క కుట్టు. పైనుంచి నా చెయ్యి దిగుతోంది. "ఆగు" అన్నాను, పైకే, గట్టిగా. మాస్టారు తల తిప్పి నన్ను చూశారు. చెయ్యి ఆగలేదు.

"ఇరవై ఎనిమిది" అన్నారు మాస్టారు, రాసుకుంటూ.